చెరిపేసిన పద్నాలుగు

జూలై 9, మంగళవారం

పొద్దున పొగమంచు పట్టే వలలు దులిపే వంతు నాది. ఆరు వలలకీ కలిపి పదకొండు బిందెల నీళ్ళు దిగాయి. ఈ నెలల్లో కొత్తదివిలో నీళ్ళకి కరువుండదు, ఎండకే కరువు. సోలారు పలకల మీద పాచి గీకి, ఆసుపత్రికి వెళ్ళేసరికి తొమ్మిది దాటింది. బ్యాటరీలు ముప్పై ఒక్క శాతం దగ్గరున్నాయి. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలు ఇద్దరు వెచ్చని పెట్టెల్లో ఉన్నారు. వాళ్ళకే సగం పోతోంది.

మాస్టారికి రెండో రీడింగు తీశాను. మూడు వచ్చింది.

మాస్టారంటే బసవపున్నయ్య గారు. దివిసీమ సముద్రంలో కలిసిపోయి మా వాళ్ళంతా ఈ కొండ మీదికి చేరినప్పుడు, ఇళ్ళకి కప్పులు పడకముందే చెట్ల కింద లెక్కలు చెప్పడం మొదలుపెట్టిన మనిషి. 'ఆదివారం మాటలు' పెట్టింది కూడా ఆయనే. వారానికోసారి పదిమంది కూర్చుని, దేన్ని నమ్ముతున్నాం, ఎందుకు నమ్ముతున్నాం, ఎట్లా బతికితే బాగా బతికినట్టు అని మాట్లాడుకోవడం. నాకు పదిహేనేళ్ళప్పటి నుంచీ వెళ్తున్నాను. ఏప్రిల్లో ఆయన వల స్తంభం మీద నుంచి పడ్డారు. అప్పటినుంచీ కళ్ళు సగం తెరుచుకునే ఉంటాయి గానీ దేన్నీ చూడవు. చెయ్యి కదలదు. ఊపిరి మాత్రం తనంతట తను ఆడుతుంది. ఆహారం పంపు మీద గొట్టంలోంచి వెళ్తుంది.

నా పని ఎరుక మీటరు. తలకి టోపీ తొడిగితే లోపల మనిషి ఉన్నాడో లేడో అంకె చెబుతుంది. మెలకువలో ఎనభై, తొంభై. గాఢనిద్రలో నలభై. పక్షానికోసారి చొప్పున మూడుసార్లు ఎనిమిదికి తక్కువ వస్తే పంపు ఆపాలని కమిటీ నియమం. ఈ నియమం రాసినవాళ్ళలో మాస్టారూ ఉన్నారు. "నేను లేనప్పుడు నా ఒంటికి పూజలు చెయ్యకండి," అనేవారు.

ఆసుపత్రి రిజిస్టరులో అంకె రాశాను. ఇది నా సొంత పుస్తకం. రోజూ ఏమనుకున్నామో, ఎందుకనుకున్నామో రాసిపెట్టుకుంటే తప్పు ఎక్కడ జరిగిందో తర్వాత దొరుకుతుందని మాస్టారు మా అందరికీ నేర్పిన అలవాటు.

జూలై 14, ఆదివారం

ఏప్రిల్ నుంచీ ఆదివారం మాటలు మాస్టారి గదిలోనే. గౌరవంగా ఉంటుందని నేనే అన్నాను. ఇవాళ తొమ్మిదిమంది వచ్చారు. మాట ఎరుక మీదికి మళ్ళింది. ఆ గదిలో ఇంకెటు మళ్ళుతుంది?

శరభయ్య అన్నాడు, "గుండె కొట్టుకుంటోంది, గోళ్ళు పెరుగుతున్నాయి. ఇది బతుకు కాదని ఎట్లా అంటాం?"

"గోళ్ళు పెరగడం బతుకయితే మనం పిండి కోసం పెంచే పాచి తొట్టి మనకంటే ఎక్కువ బతుకుతోంది," అన్నాను. నవ్వారు. "నొప్పి ఉందంటే నొప్పి పడేవాళ్ళు ఒకరుండాలి. మంచీ చెడ్డా ఆ ఒకరికే. ఆ ఒకరు లేనిచోట మనం చేసే సేవంతా మన కోసం చేసుకుంటున్నదే."

నాకే బాగా అనిపించింది, అంత సూటిగా వచ్చింది. మంచం వైపు చెయ్యి చూపించి, "ఇక్కడ ఎవరూ లేరు," అన్నాను. రాస్తుంటే తెలుస్తోంది, ఆ మాట అన్నప్పుడు నా గొంతు బావుందని కూడా అనుకున్నాను.

మోపిదేవమ్మ అప్పుడు మాస్టారిని పక్కకి తిప్పుతోంది. ఆయన్ని చూసుకునే ఆయా ఆమె. దివిలో ఉన్నప్పుడు పీతలు పట్టేదట. చదువు లేదు. నుదుటిన ఎప్పుడూ విభూతి. తిప్పుతూనే అంది, "నిద్దరపోయేవోడు ఉన్నానని చెప్పడు గదమ్మా. ఆడు లేనట్టా?"

"నిద్రపోయేవాడికి మీటరు నలభై చూపిస్తుంది, మోపిదేవమ్మా."

"మీటర్లు రాకముందు నిద్దరపోయినోళ్ళు?"

అందరూ నవ్వారు. ఆమె మాస్టారి వీపు కింద తువ్వాలు సర్ది బయటికి వెళ్ళిపోయింది.

జూలై 21, ఆదివారం

మోపిదేవమ్మ ఇవాళ తనే అడిగి మాట్లాడింది. రెండు డబ్బాలు తెచ్చి మా మధ్యన పెట్టింది. వాటి నిండా చింతగింజలు.

"మాస్టారు వింటన్నారు," అంది. "నేను తుడిచేటప్పుడు ఎక్కాలు అప్పజెప్తా. ఆయనే నేర్పారు నాకు, పదో ఎక్కం దాకా. తప్పు చెప్పినప్పుడల్లా ఆయనకి ఊపిరి ఆగుద్ది. ఓ క్షణం ఆగి మళ్ళీ ఆడుద్ది. మొదట్లో పొరపాటున తప్పు పోయింది, అప్పుడు చూశా. ఇప్పుడు కావాలనే తప్పు చెప్తన్నా. ఆగినప్పుడు ఈ డబ్బాలో గింజ, ఆగనప్పుడు ఆ డబ్బాలో."

నేను డబ్బాల్లోకి తొంగి కూడా చూడలేదు. "తప్పు ఎప్పుడు చెబుతున్నావో నీకు తెలుసు. ఊపిరి ఆగాలని నీకుంది. ఎటు గింజ వెయ్యాలో నీ ఆశే చెబుతుంది. ముగ్గు వేసి దయ్యాన్ని పిలిచేవాళ్ళకీ దయ్యం ఇట్లానే వస్తుంది."

శరభయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. ఇంకెవరో, "దయ్యానికి ఎక్కాలొచ్చా?" అన్నారు. ఆమె నన్నే చూస్తూ నిలబడింది. కోపం లేదు ఆ చూపులో. నేను చెప్పినదాంట్లో తనకి అర్థం కానిది ఏదో ఉన్నట్టూ, దాన్ని పట్టుకోవాలని చూస్తున్నట్టూ ఉంది.

"అంటే తప్పెప్పుడో నాకు తెలవకూడదంటావు," అంది చివరికి.

"అంటే ఈ డబ్బాలు తీసుకెళ్ళమంటున్నాను."

ఆమె నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. వరసకి పిన్ని అవుతుంది.

జూలై 23, మంగళవారం

మూడో రీడింగు. నాలుగు. రిజిస్టరులో రాశాను. కమిటీకి కబురు పెట్టాను.

వానకి రెండో వల చిరిగింది. సాయంత్రం దాకా కుట్టాం.

జూలై 25, గురువారం

కమిటీ పెద్ద ఏసుపాదం గారు పొద్దున రిజిస్టరు చూసి సంతకం పెట్టారు. సోమవారం ఇరవై తొమ్మిదిన పంపు ఆపుతారు. ఆయన మాస్టారికి బాల్య స్నేహితుడు. సంతకం పెట్టాక కలం మూత పెట్టడానికి రెండుసార్లు ప్రయత్నించి వదిలేశారు.

మంగళవారం రాసింది నిజమే, కానీ పూర్తిగా రాయలేదు. ఇప్పుడు రాస్తాను.

ఆ రోజు నేను టోపీ తొడిగేసరికి మోపిదేవమ్మ ఆయన కాళ్ళు తుడుస్తూ ఎక్కాలు చెబుతోంది. మీటరు రెండు దగ్గర మొదలైంది. ఐదయింది. ఆమె ఏదో తప్పు చెప్పినట్టుంది, నేను వినలేదు, అంకె పదకొండుకి వెళ్ళింది. తర్వాత పద్నాలుగు. పద్నాలుగు మీద దాదాపు నిమిషం నిలబడింది.

నేను మీటరు ఆపేశాను. టోపీలో జిగురు ఎండిపోయి ఉంటుందనుకున్నాను. మోపిదేవమ్మని బయటికి పొమ్మన్నాను. జిగురు తుడిచి, కొత్తది పూసి, ఇరవై నిమిషాలు ఆగి, గది నిశ్శబ్దంగా ఉండగా మళ్ళీ తీశాను. నాలుగు వచ్చింది. మొదటిదాన్ని యంత్రంలోంచి చెరిపేశాను.

జిగురు ఎండిపోలేదు. వేలితో తాకి చూశాను గదా, నాకు తెలుసు. ఎందుకు చెరిపానని రెండు రోజులుగా నన్ను నేను అడుగుతున్నాను. ఆదివారం అంతమంది ముందు అన్న మాట నిలవాలని. అంతే. వేరే కారణం వెతికితే దొరకలేదు. పిల్లల పెట్టెలకి కరెంటు కావాలి గదా అని ఒకసారి అనుకున్నాను, కానీ మీటరు ఆపేటప్పుడు ఆ పిల్లలు నాకు గుర్తే లేరు.

ఇది రాసి కూడా నేను ఏసుపాదం గారి దగ్గరికి వెళ్ళలేదు.

జూలై 26, శుక్రవారం

పాచి తొట్టి దగ్గర పిండి కోసం పాచి వడగడుతుంటే మోపిదేవమ్మ వచ్చింది. మోచేతుల దాకా పచ్చగా ఉన్నాను. ఆమె నా పక్కనే కూర్చుని ఇంకో గుడ్డ తీసుకుని వడగట్టడం మొదలుపెట్టింది.

"నువ్వు చెప్పింది ఆలోచించానమ్మా," అంది. "నిజమే. నాకు తెలుసు గదా తప్పెప్పుడో. నా చెయ్యి నన్నే మోసం చేస్తదేమో. అందుకని ఇట్టా చేద్దాం. లెక్కలు ఏసుపాదం గారిని రాయమందాం, సగం ఒప్పులు, సగం తప్పులు. చీటీలు కలిపేసి ఆయన్నే చదవమందాం. నేను చెవుల్లో దూది పెట్టుకుని తలకి తువ్వాలు చుట్టుకుంటా. గోడ వైపు తిరిగి కూర్చుని మాస్టారి పొట్ట మీద చెయ్యేస్తా. ఆగితే ఎడమ డబ్బా, ఆగకపోతే కుడి డబ్బా. ఆయనేం చదివాడో నాకు తెలవదు, నేనే డబ్బాలో ఏశానో ఆయన చూడడు. అప్పుడు నమ్మొచ్చా?"

ఇరవై ఏళ్ళు ఆదివారం మాటల్లో కూర్చున్నదాన్ని. నా నమ్మకం తప్పో ఒప్పో తేల్చుకోవడానికి ఇంత చక్కని ఏర్పాటు నేను ఒక్కసారైనా చేసుకోలేదు.

"తేలకపోతే?" అన్నాను.

"తేలకపోతే ఆయన లేరని ఒప్పుకుంటా. సోమారం నేనే పంపు ఆపుతా," అంది. "నువ్వు గింజలు లెక్క పెట్టాలి. నువ్వు ఊరికే ఒప్పుకునేదానివి కాదు, అందుకని."

సరే అన్నాను. పద్నాలుగు గురించి అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. నా పక్కనే కూర్చుని ఉంది. చెప్పలేదు.

జూలై 27, శనివారం

పదింటికి మొదలుపెట్టాం. గదిలో నలుగురం, మాస్టారితో కలిపి. ఏసుపాదం గారు నలభై చీటీలు రాసి, తన టోపీలో వేసి కలిపి తెచ్చారు. మంచం కాళ్ళ దగ్గర, మోపిదేవమ్మ చేతులు కనపడకుండా నిలబడ్డారు. చదివిన చీటీల్ని చదివిన వరసలోనే పేర్చాలి. నేను డబ్బాల వైపు కూర్చుని, ఏ గింజ ఎటు పడిందో వరసగా గీతలు పెట్టాలి. ఏది ఒప్పో ఏది తప్పో వినకుండా నేనూ దూది పెట్టుకున్నాను.

ఏసుపాదం గారు ప్రతి చీటీకీ ముందు మంచం కోడు తట్టేవారు, తర్వాత పెదవులు కదిలేవి. మోపిదేవమ్మ కళ్ళు మూసుకుని ఉండేది. కాసేపటికి ఓ గింజ పడేది. చప్పుడు కూడా వినపడేది కాదు.

మొదటి పది గింజలు పడేదాకా అవి తప్పుగా పడాలని కోరుకున్నాను. రాయాలంటే చెయ్యి రావడం లేదు గానీ అది నిజం. నాకు అక్షరాలు దిద్దబెట్టిన మనిషి ఆ మంచం మీద ఉన్నారు. ఆయన లేకుండా ఉంటే బావుండునని కోరుకున్నాను. ఉంటే నేనేం చేశానో తేలిపోతుంది.

నలభై అయ్యేసరికి పన్నెండు దాటింది. నేను దూది తీసేశాక చీటీలూ గీతలూ పక్కపక్కన పెట్టి కలిపి చూశాం. ఊరికే గింజలు విసిరితే ఇరవై కలవాలి. ముప్పై నాలుగు కలిశాయి. మొదటి ఇరవైలో ఒక్కటే పోయింది. చివరికి వచ్చేసరికి ఎక్కువ పోయాయి, మాస్టారు అలిసిపోయి ఉంటారు.

ఏసుపాదం గారు మళ్ళీ లెక్కపెట్టారు. ముప్పై నాలుగే. మొదటి ఇరవైలో పోయిన ఆ ఒక్క చీటీ తీసి చూశారు. "ఏడు ఎనిమిదులు యాభై నాలుగు. ఇది ఒప్పు గదా, మరి ఊపిరి ఆగిందని ఎడమ డబ్బాలో..." అని ఆగిపోయారు. వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకున్నారు.

"యాభై ఆరు," అన్నాను.

ఆయన చీటీ పట్టుకుని మంచం అంచున కూర్చున్నారు. "చిన్నప్పుడు కూడా ఈ లెక్క దగ్గరే నన్ను తిట్టేవాడు," అన్నారు. తర్వాత మాస్టారి పాదం రెండు చేతులతో పట్టుకున్నారు.

మోపిదేవమ్మ తువ్వాలు విప్పి, చెవుల్లో దూది తీసి, మా మొహాలు చూసింది. ఎవరమూ చెప్పకుండానే తెలిసిపోయింది. "ఆయనకి నోరారిపోయుంటది," అని తడిగుడ్డ తేవడానికి వెళ్ళింది.

జూలై 28, ఆదివారం

పంపు ఆపడం రద్దయింది. కమిటీ పొద్దున్నే బోర్డు మీద రాసింది. పిల్లల పెట్టెలకి చాలకపోతే మనుషులు వంతులవారీగా చేత్తో తిప్పే డైనమో నడపాలని కూడా రాసింది. నలభైమంది పేర్లిచ్చారు. అంత తేలిక.

ఇవాళ నేను నోరు మూసుకుని ఉన్నా ఎవరికీ తెలిసేది కాదు. మాటలు మొదలవగానే లేచి నిలబడి, పద్నాలుగు సంగతి చెప్పాను. మాస్టారి మంచం పక్కనే నిలబడి చెప్పాను. ఈసారి ఆయన వింటున్నారని తెలిసి చెప్పాను.

నన్ను తిడతారనుకుని వచ్చాను. తిట్టి ఉంటే కాస్త తేలికయ్యేది.

ఏసుపాదం గారు నెమ్మదిగా అడిగారు. "ఈ ఆరేళ్ళలో నీ మీటరు మీద ఇంకా ఎంతమందికి ఆపాం, విమోచనా?"

"ముగ్గురికి."

"వాళ్ళకీ ఏమైనా చెరిపావా?"

"లేదండీ. వాళ్ళకెప్పుడూ ఎనిమిది దాటలేదు." అక్కడితో ఆపొచ్చు. "కానీ మాస్టారికీ మొదటి రెండుసార్లు దాటలేదు. వాళ్ళ ముందు ఎవరూ ఎక్కాలు చెప్పలేదు. గది నిశ్శబ్దంగా ఉంచి తీశాను. అట్లాగే తియ్యాలనుకున్నాను."

ఆ ముగ్గురిలో ఒకరు శరభయ్య వాళ్ళ అమ్మ. పోయినేడు మాఘంలో. శరభయ్య తల వంచుకుని కూర్చున్నాడు. "మా అమ్మకి లెక్కలు రావు," అన్నాడు. "పాటలంటే ఇష్టం." లేచి చెప్పులు వేసుకోకుండానే వానలోకి వెళ్ళిపోయాడు.

అతని వెనకాల వెళ్ళాలనుకున్నాను. వెళ్ళి ఏం చెబుతాను?

మీటరు పని నా దగ్గర్నుంచి తీసేశారు. డాక్టరు గారు వచ్చే నెల కొండెక్కి వచ్చినప్పుడు యంత్రాన్నీ నియమాన్నీ మళ్ళీ చూస్తారు. అప్పటిదాకా ఎవరికీ ఏదీ ఆపరు. నేను మోపిదేవమ్మ పిన్ని కింద పని అడిగాను. ఆమె నా చేతులు పట్టుకుని గోళ్ళు చూసింది. "కత్తిరించుకుని రా, గీరుకుంటది," అంది.

ఆగస్టు 18, ఆదివారం

రెండు గంటలకోసారి తిప్పాలి. ఎడమ పక్క, వెల్లకిలా, కుడి పక్క. భుజం కింద చెయ్యి పెట్టి, తుంటి దగ్గర రెండో చెయ్యి, లాగకుండా దొర్లించాలి. మొదటివారం నేను లాగేదాన్ని. ఆయన మడమ దగ్గర పుండు పడింది. అది మానడానికి పదిరోజులు పట్టింది.

ఏసుపాదం గారు గోడకి అక్షరాల పట్టీ కట్టారు. మేము వరసలు చదువుతాం. కావలసిన వరస దగ్గర మాస్టారు ఊపిరి ఆపుతారు. మళ్ళీ ఆ వరసలో అక్షరాలు, మళ్ళీ గుణింతం. ఓ చిన్న మాటకి అరగంట.

ఆయన చెప్పిన మొదటి మాట కోసం తొమ్మిదిమంది వచ్చి కూర్చున్నారు. శరభయ్య రాలేదు, అతని చోట కొత్తవాళ్ళు చేరారు. నలభై నిమిషాల తర్వాత 'చెవి వెనక' అని వచ్చింది. ఎవరికీ అర్థం కాలేదు. పిన్ని వెళ్ళి ఎడమ చెవి వెనక వేలితో గోకింది. ఊపిరి ఎప్పటిలాగే ఆడుతోంది, అది కాదని. కుడి చెవి వెనక గోకింది. పెద్ద ఊపిరి ఒకటి వదిలారు.

ఏప్రిల్ నుంచీ దురద పెడుతోందట. ఆ గదిలో కూర్చుని మేము నొప్పి పడేవాళ్ళు అంటే ఎవరని మాట్లాడుకున్నాం.

సెప్టెంబరు 1, ఆదివారం

మొన్న శరభయ్య ఎదురయ్యాడు. తల తిప్పుకోలేదు, పలకరించనూ లేదు. వాళ్ళ గుడిసె ముందు డైనమో తిప్పుతూ సన్నగా ఏదో పాడుకుంటున్నాడు. వాళ్ళమ్మ పాట అయి ఉంటుంది. నేను పక్కదారిన వెళ్ళాను. ఇకముందు కూడా చాలాసార్లు పక్కదారినే వెళ్ళాల్సి వస్తుంది.

ఇవాళ మధ్యాహ్నం అందరూ వెళ్ళాక, పిన్ని బట్టలు ఆరేస్తుంటే, మాస్టారి పక్కన పీట వేసుకుని కూర్చున్నాను. అడగాలని నెలరోజులుగా అనుకుంటున్నాను. రోజూ ఏదో ఒక పని అడ్డం పెట్టుకునేదాన్ని.

"మాస్టారూ, జూలైలో నేను ఇక్కడ నిలబడి అన్న మాటలు విన్నారా?"

ఊపిరి ఆగింది. అవునని.

"అన్నీ?"

ఆగింది.

క్షమించమని అడిగే ముందు ఆయన ఏమైనా చెబుతారేమోనని పట్టీ చదవడం మొదలుపెట్టాను. చాలాసేపు పట్టింది. రెండుసార్లు వరస తప్పాను. పలక మీద ఒక్కో అక్షరం రాసుకుంటూ పోయాను. 'నీ వాదన బావుంది' అని వచ్చింది. ఇక చాలా మాస్టారూ అని అడిగాను. ఊపిరి ఆడుతూనే ఉంది. చాలదని. మళ్ళీ మొదలుపెట్టాను.

రెండో ముక్క పూర్తయ్యేసరికి పిన్ని బట్టల బుట్టతో లోపలికి వచ్చింది. పలక నా చేతిలోంచి తీసుకుని, ఈమధ్యే నేర్చుకున్న అక్షరాలు కూడబలుక్కుంటూ పైకి చదివింది.

"నీ వాదన బావుంది. నేను లేనేమోనని నాకే అనిపించింది."

చదివాక ఆమె పలక బోర్లా పెట్టింది. నా మొహం చూడలేదు. కిటికీ దగ్గరికి వెళ్ళి బట్టలు మడత పెట్టుకోవడం మొదలుపెట్టింది.

క్షమించమని అడగలేదు. ఆ మాట నోట్లోకి వచ్చింది గానీ, ఆయన్ని జవాబు చెప్పమని ఇంకో గంట ఊపిరి బిగబట్టించడం న్యాయం కాదనిపించింది.

కాసేపటికి పిన్ని అంది, "టైమయింది, తిప్పాలి." నేను లేచి, భుజం కింద ఒక చెయ్యి, తుంటి దగ్గర ఒక చెయ్యి పెట్టాను. "మాస్టారూ, ఇప్పుడు మిమ్మల్ని కుడి పక్కకి తిప్పుతున్నాను," అని చెప్పి తిప్పాను.